సెకండ్‌హ్యాండ్ పికప్ కొంటున్నారా? ముందు ఛాసిస్ నంబర్ అడగండి!

కంది దగ్గర 65వ నంబర్ జాతీయ రహదారి పక్కన తెల్లవారుజామున ఓ పది నిమిషాలు నిలబడండి. ఒకవైపు ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్. అందులో డ్రైవర్ లేకుండా నడిచే బండ్లను పరీక్షించడానికి 2022లో ప్రారంభించిన 'తిహాన్' ట్రాక్ ఉంది. రోడ్డు మీద చూస్తే పాల క్యాన్లు, కూరగాయల బస్తాలు, ఇనుప రాడ్లు వేసుకుని పటాన్‌చెరు వైపు పరుగులు తీసే పికప్‌లు. వాటిలో చాలావరకు రెండో చేతికో, మూడో చేతికో వచ్చిన బండ్లే.

మా చిన్నాయన బండి కూడా అందులో ఒకటి. ఆరేళ్ల పాత పికప్. 3 లక్షల 80 వేలకు కొన్నాడు. కొనే ముందు 'ఇంజినీరింగ్ చదివినోడివి, జర చూసి చెప్పు' అని నన్ను తీసుకెళ్లాడు. నేను బానెట్ ఎత్తాను. టైర్లు తన్నాను. ఫోన్‌లో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ చూశాను. 'బాగుంది చిన్నాయనా, తీసుకో' అన్నాను. నాలుగేళ్ల బీటెక్ అక్కడ నాకు చేసిన సాయం అంతే!

రెండు నెలలకు స్టీరింగ్ వణకడం మొదలైంది. రోడ్డు పక్క మెకానిక్ జాయింట్లు మార్చాడు. కొన్నాళ్లకు మళ్లీ వణుకు. మళ్లీ మార్చాడు. రెండుసార్లకు కలిపి 7 వేలు ఖర్చు. చివరికి వేరే పని మీద ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, అక్కడి అడ్వైజర్ ఛాసిస్ నంబర్ కంప్యూటర్‌లో కొట్టి చూసి, 'దీనికి స్టీరింగ్ పార్ట్ తనిఖీ పెండింగ్‌లో ఉంది సార్. ఫ్రీగా చేస్తాం' అన్నాడు. కంపెనీ ఎప్పుడో రీకాల్ ప్రకటించింది. సమాచారం మొదటి ఓనర్ ఫోన్‌కు వెళ్లింది. ఆయన అప్పటికే బండి అమ్మేశాడు.

చిన్నాయన నా వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు. 'అంటే గా సంగతి వాళ్లకు ముందే ఎరుకనారా? మరి నాకెవరు చెప్పలేదేంది?'

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి తెలుసుకున్నవే ఈ సంగతులు. రేపు మీ ఇంట్లో ఎవరైనా పాత బండి కొంటే, లేదా మీరే ముద్ర రుణం తీసుకుని ఓ పికప్‌తో సొంత పని మొదలుపెడితే పనికొస్తాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకైతే ఇంకో రకంగా కూడా పనికొస్తాయి. అదేంటో చివర్లో చెబుతా.

రీకాల్ అంటే పరువు తక్కువ కాదు

బండి అమ్మాక అందులో భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఉందని తేలితే, కంపెనీ ఆ బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడమే రీకాల్. బండిని పూర్తిగా వాపసు తీసుకుంటారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది అది కాదు. ఓ పైపో, బోల్టో, సాఫ్ట్‌వేరో మార్చి గంటల్లో పంపించేస్తారు.

మన రోడ్ల మీది ఉదాహరణే చూడండి. 2021 ఆగస్టులో మహీంద్రా కంపెనీ 29,878 పికప్ బండ్లకు రీకాల్ ప్రకటించింది. 2020 జనవరి నుంచి 2021 ఫిబ్రవరి మధ్య తయారైన కొన్ని బండ్లలో ఓ ఫ్లూయిడ్ పైపును సరిగా అమర్చలేదేమోనన్నది అనుమానం. తనిఖీ చేసి, అవసరమైతే పైపు మార్చి ఇస్తామంది. ఓనర్‌కు రూపాయి ఖర్చు లేదు. ఆ బండ్లలో ఎన్నో ఈపాటికి చేతులు మారి ఉంటాయి. కొన్నవాళ్లలో ఎంతమంది 'పైపు పని అయిందా?' అని అడిగి ఉంటారు?

ఇలా ప్రకటించిన కంపెనీ బండి కొనకూడదనుకుంటే పొరపాటే. ఏ ఫ్యాక్టరీలోనైనా తప్పు దొర్లుతుంది. దాన్ని పట్టుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తయారైన బండ్లలో ఉందో లెక్కగట్టి, బయటకు చెప్పడం మంచి లక్షణం. భయపడాల్సింది రీకాల్ వచ్చిన బండికి కాదు. రీకాల్ వచ్చినా పని చేయించుకోకుండా తిరుగుతున్న బండికి.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో చాలాకాలం రీకాల్ కంపెనీల ఇష్టం మీదే నడిచింది. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. ఆ తర్వాత 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది. దాని కింద నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బండ్లలో భద్రతా లోపం ఉందని తగినన్ని ఫిర్యాదులు వస్తే, విచారణ జరిపించి రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. ఆ పరిస్థితి వస్తే బండ్ల సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కంపెనీ తనంతట తానే లోపాన్ని చెప్పి రీకాల్ మొదలుపెడితే మాత్రం జరిమానా ఉండదు.

ఇందులో మనం గమనించాల్సింది 'తగినన్ని ఫిర్యాదులు' అన్న మాట. మెకానిక్ దగ్గర తిట్టుకుంటే అది ఎవరి లెక్కలోకీ రాదు. కంపెనీ కస్టమర్ కేర్‌లో నమోదు చేయాలి. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోనూ రీకాల్ ఫిర్యాదుకు వీలుంది. మా చిన్నాయన లాంటివాళ్లు వందమంది విడివిడిగా 7 వేలు పోగొట్టుకుంటే అది వందమంది దురదృష్టం. ఆ వందమందీ నమోదు చేస్తే అది ఆధారం.

17 అక్షరాల జాతకం

ఇక అసలు పని. ప్రతి బండికీ 17 అంకెలు, అక్షరాలతో ఓ గుర్తింపు సంఖ్య ఉంటుంది. మనం ఛాసిస్ నంబర్ అంటాం. ఒకటి, సున్నాలతో తికమక పడకుండా ఉండటానికి ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మొదటి మూడు స్థానాలు తయారీదారును చెబుతాయి. ఎంఏ1 అంటే మహీంద్రా, ఎంఏటీ అంటే టాటా, ఎంఏ3 అంటే మారుతీ. కంపెనీ రికార్డుల్లో ఆ నంబర్ వెనక బండి ఏ రోజు లైన్ మీదికి వచ్చింది, ఏ విడత భాగాలు పడ్డాయి అన్న వివరాలు ఉంటాయి. అందుకే రీకాల్ 'ఫలానా మోడల్ అన్నింటికీ' అని కాకుండా 'ఫలానా నంబర్ల బండ్లకు' అని వస్తుంది.

కొనే ముందు ఇలా చేయండి:

• ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్‌ను బండి ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్‌తో ఒక్కో అక్షరం సరిచూడండి. అక్కడ గ్రైండింగ్ గుర్తులో, కొత్త పెయింటో కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

• ఆ నంబర్‌తో కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి, లేదా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. 'పెండింగ్ రీకాల్, సర్వీస్ క్యాంపెయిన్ ఏమైనా ఉన్నాయా?' అని ఇదే మాటల్లో అడగండి. కొన్ని కంపెనీల వెబ్‌సైట్లలో నంబర్ కొడితే నేరుగా కనిపిస్తుంది.

• సర్వీస్ హిస్టరీ ప్రింట్ అడగండి. ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు అందులో ఉంటాయి. మీటర్ వెనక్కి తిప్పారా లేదా అక్కడే దొరికిపోతుంది.

• కొన్నాక ఆర్‌టీఏలో పేరు మారితే సరిపోదు. అది ప్రభుత్వ రికార్డు. కంపెనీ రికార్డులో పాత ఓనర్ ఫోన్ నంబరే ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో మీ పేరు, మీ నంబర్ ఎక్కించండి. మా చిన్నాయన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఇంకో మాట. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అయితే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన రీకాల్ పని పూర్తయిందని అర్థం కాదు. రెండూ వేర్వేరు.

ఓనర్లు ఎక్కువగా చెప్పే బాధలు

పాత పికప్ ఓనర్లతో మాట్లాడితే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. వినేటప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి: ఇది వాడకంతో వచ్చిన అరుగుదలా, ఓవర్‌లోడ్ చేసిన గాయమా, తయారీ లోపమా? మూడింటికీ మందు వేరు.

కమాన్ పట్టీలు: వెనక పట్టీలు విరగడం, ఒకవైపు బండి కిందికి దిగడం. చాలావరకు ఓవర్‌లోడ్ పుణ్యమే. బండిని చదునైన చోట ఆపి, వెనక నుంచి దూరంగా నిలబడి చూడండి. ఒరిగి కనిపిస్తే కారణం అడగండి. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ పట్టీలు కట్టించి ఉంటే ఆ బండి ఎంత బరువు మోసిందో అర్థం చేసుకోండి.

ఫ్రేమ్: బండికి వెన్నెముక. పట్టీలు బిగించిన చోట, బాడీ కింద పగుళ్లు, వెల్డింగ్ అతుకులు, తుప్పు వెతకండి. ఉప్పు, ఎరువులు, కోళ్ల లోడ్లు మోసిన బండ్లకు తుప్పు ఎక్కువ. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో టకోమా పికప్ సహా మూడు మోడళ్ల ఫ్రేములకు తుప్పు పడుతోందని ఓనర్లు వేసిన కేసులో, 2016లో టొయోటా సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించి 340 కోట్ల డాలర్ల దాకా విలువైన రాజీకి ఒప్పుకుంది.

క్లచ్, గేర్లు: లోడ్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. ఇది అరిగే వస్తువు. దీనికి రీకాల్ ఆశించొద్దు, ధర తగ్గించమనండి.

పొగ: నల్లపొగ అంటే డీజిల్ సరిగా మండట్లేదు. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, కూలెంట్ తగ్గడం కలిసి కనిపిస్తే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గట్టిగా ఆవిరి తన్నితే మెకానిక్‌లు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. అంటే ఇంజిన్ పనికి పెద్ద ఖర్చు ముందుందని.

బీఎస్6 దీపాలు: 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ బండ్లలో చాలావాటికి డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అది పోగైన మసిని తనలోనే కాల్చి శుభ్రం చేసుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేడిగా నడవాలి. సందుల్లో ఆగి ఆగి తిరిగే బండికి ఆ అవకాశం రాదు. దీపం వెలుగుతుంది, శక్తి తగ్గుతుంది. తాళం తిప్పినప్పుడు హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో బల్బు పీకేశారేమో చూడండి!

టైర్లు: ప్రతి టైరు పక్కన నాలుగంకెల తేదీ ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి బాగున్నా రబ్బరు ముసలిదై ఉండవచ్చు. ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్, స్టీరింగ్ జాయింట్లు చూపించాలి.

బ్రేకులు, స్టీరింగ్: ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో బ్రేకు వేస్తే బండి ఒకవైపు లాగకూడదు. పెడల్ తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి దిగకూడదు. చక్రాల లోపలి వైపు, పైపుల జాయింట్ల దగ్గర తడి ఉండకూడదు. ఈ రెండింటిలో ఒకే లోపం బాగుచేయించాక కూడా తిరిగి వస్తోందంటే మెకానిక్‌ను మార్చడం కాదు, ముందు ఛాసిస్ నంబర్‌తో రీకాల్ చూపించండి. నేను చేయని పని అదే.

ఒక్క రోజు తప్పు... రెండు ప్రాణాలు

'ఇంత పట్టింపు అవసరమా?' అనిపించవచ్చు. ఫోర్డ్ రేంజర్ పికప్ కథ వినండి. తకాతా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లలో అమోనియం నైట్రేట్ వాడేవారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు గుణం చెడి, ప్రమాదం జరిగినప్పుడు ఇన్‌ఫ్లేటర్ మరీ బలంగా పేలి లోహపు ముక్కలు ఎగిరేవి. 2006 మోడల్ రేంజర్లలో అమెరికాలో ఇద్దరు డ్రైవర్లు ఇలా చనిపోయారు. ఒకరు 2015లో, మరొకరు 2017లో. ఆ రెండు ఇన్‌ఫ్లేటర్లూ ఒకే రోజు తయారైనవని తేలింది. 2018 జనవరిలో ఫోర్డ్ దాదాపు 2,900 బండ్ల ఓనర్లకు 'ఇక నడపొద్దు, వెంటనే ఆపేయండి' అని చెప్పింది. అప్పటికి ఆ బండ్ల వయసు పన్నెండేళ్లు.

పైచదువులకు అమెరికా వెళ్లే ఫ్రెండ్స్‌కు ఇక్కడే ఓ మాట. అక్కడ దిగగానే అందరూ చేసే మొదటి పని పాత కారు కొనడం. రీకాల్ పని పెండింగ్‌లో ఉన్న పాత బండిని డీలర్ అమ్మకూడదని అక్కడి ఫెడరల్ చట్టంలో లేదు. కానీ ప్రభుత్వ రహదారి భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో 17 అక్షరాలు కొడితే పెండింగ్ రీకాల్ ఉచితంగా కనిపిస్తుంది. డబ్బులిచ్చే ముందు ఆ ఒక్క నిమిషం వెచ్చించండి.

ఇక ఉద్యోగం సంగతి

రెండు ప్రమాదాలు, మధ్యలో ఏడాదిన్నర. అయినా 'ఒకే రోజు తయారైనవి' అని ఎలా పట్టుకున్నారు? ప్రతి భాగానికీ తేదీ, విడత నంబర్ రాసిపెట్టే పద్ధతి ఉంది కాబట్టి. ఫ్యాక్టరీలో దీన్ని ట్రేసబిలిటీ అంటారు. ఇది చూసుకునేదే క్వాలిటీ విభాగం.

మన బెల్టులో ఈ పనికి కొదవలేదు. జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ సహకారంతో చిన్న ట్రక్కులు తయారుచేసింది అక్కడే. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్లు, ఎద్దుమైలారంలో సైన్యానికి పోరాట వాహనాలు చేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పాశమైలారం, పటాన్‌చెరుల్లో చిన్నా పెద్దా యూనిట్లు. కాస్త దూరమైనా ఫర్వాలేదంటే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి.

నా మొదటి ఇంటర్వ్యూ పాశమైలారంలో ఓ విడిభాగాల కంపెనీలో. బల్ల మీద రబ్బరు గొట్టం, ఓ క్లిప్పు పెట్టి, 'ఇందులో ఏమేం తప్పు జరగొచ్చు?' అని అడిగారు. నేను ఎఫ్ఎమ్ఈఏకి పూర్తి పేరు, నిర్వచనం గడగడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, గొట్టం నా చేతికిచ్చి, 'అది సరే బాబూ, దీని సంగతి చెప్పు' అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. ఇవాళ అడిగితే చెప్పగలను: క్లిప్పు సగమే ఎక్కొచ్చు, గొట్టం మెలిక పడొచ్చు, వేడి భాగానికి రాసుకోవచ్చు, ఆ విడత రబ్బరే తేడాగా ఉండొచ్చు. ఇందులో ఏది జరిగితే డ్రైవర్‌కు ముందుగా తెలుస్తుంది, ఏది చెప్పకుండా వస్తుంది? ఎఫ్ఎమ్ఈఏ అంటే నిజానికి ఈ ఆలోచనే.

కాబట్టి ఈ నెల ఒక పని చేయండి. సియామ్ వెబ్‌సైట్‌లో స్వచ్ఛంద రీకాల్‌ల జాబితా ఉంటుంది. అందులోంచి ఒకటి ఎంచుకోండి. ఏ భాగం, ఏ తేదీల మధ్య, ఎన్ని బండ్లు అన్నది రాసుకోండి. 'ఎందుకు?' అని ఐదుసార్లు ప్రశ్నించుకుంటూ కారణాలు ఊహించండి. ఆ తప్పు లైన్ మీదే దొరకాలంటే ఎక్కడ ఏ తనిఖీ పెట్టాలో రెండు పేజీల్లో రాయండి. ఊహను ఊహ అనే రాయండి, నిజంలా రాయొద్దు. తర్వాత దగ్గర్లోని గ్యారేజీకి వెళ్లి ఓ మెకానిక్‌తో గంట కూర్చోండి. ఏ భాగం ఎక్కువసార్లు మారుస్తున్నారో, ఎన్ని కిలోమీటర్లకు వస్తోందో పట్టిక వేయండి. కాపీ కొట్టిన ఫైనలియర్ ప్రాజెక్టు కన్నా ఈ నాలుగు పేజీలు రెజ్యూమెలో ఎక్కువ మాట్లాడతాయి. సప్లయర్ క్వాలిటీ, వారంటీ అనాలిసిస్, ఫీల్డ్ సర్వీస్... ఈ పేర్లతో వచ్చే ఉద్యోగాలన్నింటికీ పునాది ఇదే. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఇంకా తేలిక, చేతికి మసి అంటడం మీకు కొత్త కాదు కదా.

చిన్నాయన బండికి ఆ భాగం మార్చడానికి గంటన్నర పట్టింది. బిల్లు సున్నా. అంతకుముందు కట్టిన 7 వేలు మాత్రం తిరిగి రాలేదు. ఏడు నెలలు ఆ స్టీరింగ్‌తోనే ఆయన రోజూ హైవే ఎక్కాడన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ అదోలా ఉంటుంది. ఆయన అది ఎత్తడు. కానీ మొన్న మా ఊళ్లో ఒకాయన పాత బండి బేరం చేస్తుంటే, అందరూ టైర్లు చూస్తున్నారు. చిన్నాయన ఫోన్ టార్చ్ వేసుకుని ముందు చక్రం పక్కన కూర్చుని, ఫ్రేమ్ మీది నంబర్ ఒక్కో అక్షరం పైకి చదువుతున్నాడు. రాసుకునేవాడిని నేనే.